మెగా మ్యాన్ 2: ఏ బాస్‌ని ఎప్పుడు కొట్టాలి, వైలీ కోట ఎలా దాటాలి

మెగా మ్యాన్ 2 మొదలుపెట్టి సగంలో వదిలేసిన వాళ్ళని కదిలిస్తే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "అంత స్పీడ్ మన వేళ్ళకి లేదు." నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నాను. క్విక్ మ్యాన్ స్టేజ్‌లో లేజర్ కింద పడి చచ్చిన ప్రతిసారీ కంట్రోలర్‌నీ, బొటనవేలినీ తిట్టుకునేవాణ్ణి. తప్పు వేలిది కాదని ఆలస్యంగా తెలిసింది. నేను ఆ స్టేజ్‌కి వెళ్ళకూడని సమయంలో వెళ్ళాను, అంతే. ఈ ఆటలో ఎనిమిది మంది బాస్‌లని ఏ వరుసలో కొడతారన్నదే సగం ఆట. ఆ వరుస సరిగ్గా పెట్టుకుంటే మామూలు వేళ్ళతోనే చివరిదాకా వెళ్ళొచ్చు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నీలం రంగు రోబో, చేతికి తుపాకీ గొట్టం (దాని పేరు బస్టర్), అడ్డంగా జరిగే స్టేజ్‌లు, చివర ఒక బాస్. బాస్‌ని ఓడిస్తే వాడి ఆయుధం మనదవుతుంది. జపాన్‌లో ఈ రోబో పేరు రాక్‌మ్యాన్. క్యాప్‌కామ్ కంపెనీ 1988 డిసెంబర్ 24న ఫామికామ్ అనే నింటెండో గేమ్ మెషీన్ కోసం రాక్‌మ్యాన్ 2ని విడుదల చేసింది. అమెరికాకి 1989లో మెగా మ్యాన్ 2 పేరుతో వచ్చింది. మొదటి భాగం పెద్దగా ఆడకపోవడంతో, టీమ్ ఈ రెండో భాగాన్ని వేరే పనుల మధ్య సమయం మిగుల్చుకుని తయారుచేసింది. అలాంటిది 15 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. బాస్‌ల బొమ్మలు గీసి పంపమని ఆటగాళ్ళని అడిగితే ఎనిమిది వేలకు పైగా వచ్చాయట. అందులోంచి ఏరిన ఎనిమిదే మనం ఇప్పుడు కొట్టబోయేవి.

ముందు ఏది ఆడాలి

పాత మెషీన్ వెతుక్కోనక్కర్లేదు. 2015లో వచ్చిన మెగా మ్యాన్ లెగసీ కలెక్షన్‌లో మొదటి ఆరు ఆటలూ ఉన్నాయి. పీసీలో, ప్లేస్టేషన్ 4లో, ఎక్స్‌బాక్స్ వన్‌లో, ఆ తర్వాత స్విచ్‌లో కూడా వచ్చింది. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకునే వెసులుబాటు ఉంది. ఎనిమిది మంది బాస్‌ల తర్వాత వచ్చే, విలన్ డాక్టర్ వైలీ కోటలో దాన్ని వాడుకోండి, సిగ్గుపడాల్సిన పనిలేదు. ఎనిమిది బాస్‌ల స్టేజ్‌లు మాత్రం సేవ్ లేకుండా ఆడితేనే చెయ్యి కుదురుతుంది.

మొదట్లోనే నార్మల్, డిఫికల్ట్ అని అడుగుతుంది. కొత్తవాళ్ళు నార్మల్ తీసుకోండి. జపాన్ ఆటలో ఈ ప్రశ్నే ఉండదు, అక్కడివాళ్ళు ఆడింది మన డిఫికల్టే. నార్మల్‌లో మన దెబ్బకి శత్రువుకి రెట్టింపు నష్టం. ఆట తీరు మారదు, ఓర్పు కాస్త తక్కువ సరిపోతుంది.

చేతికి అలవాటు కావాల్సినవి

ఎ బటన్ జంప్, బి బటన్ కాల్పు, స్టార్ట్ నొక్కితే ఆయుధాల పెట్టె. తర్వాతి భాగాల్లో వచ్చిన జారడం, బస్టర్ ఛార్జ్ చేయడం ఇందులో లేవు. అవి ఆడి వచ్చినవాళ్ళు బి బటన్ పట్టుకుని కూర్చుంటారు, ఏమీ జరగదు. మామూలు బస్టర్ గుండ్లు స్క్రీన్ మీద ఒకేసారి మూడే ఉంటాయి. అంటే దగ్గరగా ఉన్న శత్రువుని టకటకా కొట్టగలం. దూరం నుంచి కాలిస్తే మూడూ పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి.

జంప్ ఎత్తు మీ చేతిలోనే ఉంటుంది. బటన్ ఎంతసేపు పట్టుకుంటే అంత ఎత్తు. ముట్టి వదిలేస్తే చిన్న గెంతు. ఐదు నిమిషాలు ఏ శత్రువూ లేని చోట నిలబడి ఇదే చేయండి. చిన్నప్పుడు మా అన్నయ్య నాకు కంట్రోలర్ ఇచ్చే ముందు పెట్టిన పరీక్ష ఇదే. పది చిన్న గెంతులు వరసగా వేస్తేనే నా వంతు.

ఇంకోటి, చాలామంది గమనించనిది. శత్రువులు వదిలే ఆయుధ ఎనర్జీ, ఆ క్షణంలో మీ చేతిలో ఏ ఆయుధం ఉంటే దానికే చేరుతుంది. బస్టర్ పట్టుకుని తీసుకుంటే ఎవరికీ చేరదు, వృథా. కింద ఎనర్జీ మాత్ర కనబడగానే స్టార్ట్ నొక్కండి, ఖాళీ అయిన ఆయుధం ఎంచుకుని అప్పుడు తీసుకోండి. స్టార్ట్ నొక్కినప్పుడు ఆట ఆగిపోతుంది కాబట్టి తొందర లేదు.

ఇక వరుస

ఎక్కడ చూసినా కనిపించే వరుస ఇది: మెటల్, బబుల్, హీట్, వుడ్, ఎయిర్, క్రాష్, ఫ్లాష్, క్విక్. ఒకడి ఆయుధం తర్వాతివాడికి మందు, గొలుసు చక్కగా కుదురుతుంది. కానీ నేను దీన్ని కొత్తవాళ్ళకి చెప్పను. ఇందులో హీట్ మ్యాన్ స్టేజ్ మూడోది. ఆ స్టేజ్‌లో కనబడుతూ మాయమయ్యే దిమ్మెల మీద గెంతుకుంటూ పోవాలి. కొత్తవాళ్ళు ఆట వదిలేసేది అక్కడే. ఎయిర్ మ్యాన్‌ని ముందే కొడితే ఐటెమ్-2 వస్తుంది. అది ముందుకి దూసుకుపోయే చిన్న బండి, దానిమీద నిలబడి దిమ్మెల జోలికి పోకుండా దాటేయొచ్చు. అందుకే నా వరుస:

మెటల్, ఎయిర్, బబుల్, హీట్, వుడ్, క్రాష్, ఫ్లాష్, క్విక్.

ఎయిర్ మ్యాన్‌కి సరైన మందు వుడ్ మ్యాన్ ఆయుధం లీఫ్ షీల్డ్. ఈ వరుసలో అది చేతికి రాకముందే వాడిని కొట్టాలి. ఆ కష్టం దిమ్మెల కష్టం ముందు చిన్నదే.

మెటల్ మ్యాన్

ఇక్కడ నేల కదులుతూ ఉంటుంది, ఫ్యాక్టరీ బెల్ట్‌లా. పైనుంచి దిగే ప్రెస్‌ల కింద ఆగకండి. అది పైకి లేవడం మొదలవగానే పరుగెత్తాలి. నేలలోంచి, పైకప్పులోంచి డ్రిల్లులు పొడుచుకొస్తాయి. వాటిని చంపుతూ కూర్చోకుండా సందు చూసి జారుకోండి.

బాస్ గది నేల కూడా బెల్టే, దిశ మారుతూ ఉంటుంది. మీరు కాల్చినప్పుడే వాడు ఎగిరి రంపపు చక్రాలు విసురుతాడు. కాబట్టి ఒక గుండు, ఒక గెంతు, మళ్ళీ ఒక గుండు. గాభరాగా బటన్ దంచితే చక్రాల వాన మీ మీదే. రెండు మూడు ప్రయత్నాల్లో పడిపోతాడు.

వచ్చేది మెటల్ బ్లేడ్. ఈ ఆటలో ఇంతకన్నా మంచి ఆయుధం లేదు. ఎనిమిది దిక్కులకీ విసరొచ్చు, నాలుగు విసిరితే గానీ ఒక గీత ఎనర్జీ తగ్గదు. మొత్తం 28 గీతలు, అంటే 112 చక్రాలు. ఇకనుంచి బస్టర్ బదులు ఇదే చేతిలో ఉంచుకోండి.

ఎయిర్ మ్యాన్

మేఘాల మీద నడక. కొమ్ములున్న పెద్ద పెద్ద ముఖాలు గాల్లో తేలుతూ ఉంటాయి, వాటి తలమీదే నిలబడాలి. ఇరువైపులా కొమ్ములు లేస్తూ దిగుతూ ఉంటాయి. దిగిన క్షణం చూసి గెంతండి. ఆ తర్వాత మేఘం మీద కూర్చుని పిడుగులు విసిరేవాళ్ళు వస్తారు. వాళ్ళని చంపితే మేఘం మనకి మిగులుతుంది, దానిమీద ఎక్కి తర్వాతివాడి దాకా వెళ్ళాలి.

బాస్ సుడిగాలులు పంపిస్తాడు. అవి గాల్లో ఆగి, ఒక్కసారిగా మనమీదికి కొట్టుకొస్తాయి. కొన్ని అమరికల్లో సందు బాగుంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు. అన్నీ తప్పించుకోవాలని చూసినవాడే ఓడిపోతాడు. తప్పించుకోగలిగినవి తప్పించుకోండి, మిగతావి తినండి, దగ్గర నిలబడి బస్టర్‌తో కొడుతూనే ఉండండి. ఇది దెబ్బకి దెబ్బ లెక్క. నిండు ప్రాణంతో గదిలోకి అడుగుపెడితే లెక్క మనవైపే తేలుతుంది.

బబుల్ మ్యాన్

నీళ్ళలో జంప్ బాగా ఎత్తుకి పోతుంది, పైన ముళ్ళ బాంబులు కాచుకుని ఉంటాయి. ఒక్కటి తగిలినా చావే. మొదట్లో చెప్పిన చిన్న గెంతులు ఇక్కడ అక్కరకొస్తాయి. దారికి అడ్డంగా ఉండే పెద్ద లాంతరు చేపని లాంతరు మీదే కొట్టాలి. బాస్ గది పైకప్పు కూడా ముళ్ళే. కంగారులో బటన్ పూర్తిగా నొక్కకండి. మెటల్ బ్లేడ్‌ని ఏటవాలుగా పైకి విసిరితే వాడు త్వరగానే పోతాడు.

హీట్ మ్యాన్

పొడవాటి దిమ్మెల వరుస రాగానే ఆగండి. ఐటెమ్-2 ఎంచుకోండి, అది నిండుగా ఉందో లేదో చూసుకోండి. వదిలి, ఎగిరి దానిమీద నిలబడండి, అది పోతుంది. మధ్యలో తొందరపడి దూకకండి. దిమ్మెల మీదే ఆడి తీరాలన్న పట్టుదల ఉన్నవాళ్ళకి ఒక మాట: కళ్ళతో కన్నా చెవులతో పట్టుకోండి. దిమ్మె వచ్చిన ప్రతిసారీ ఒక చప్పుడు వస్తుంది. ఆ తాళం తలకెక్కితే కాళ్ళు వాటంతట అవే వెళ్తాయి.

బాస్‌కి బబుల్ లెడ్ మందు. దెబ్బ తగిలాక వాడు మంటై మీ వైపు దూసుకొస్తాడు, పైనుంచి గెంతండి, వాడు మామూలుగా మారాక మళ్ళీ కొట్టండి. గెలిస్తే అటామిక్ ఫైర్‌తోపాటు ఐటెమ్-1 వస్తుంది, మెల్లగా పైకి లేచే చిన్న పలక. ఒకేసారి మూడు వేసుకోవచ్చు, మెట్లలా.

వుడ్ మ్యాన్

అడవి స్టేజ్ తేలికే, నిప్పులు కక్కే పెద్ద కుక్కల దగ్గర తప్ప. బాస్ గదిలో అటామిక్ ఫైర్ పట్టుకుని బటన్ నొక్కి ఉంచండి, ఒంటి రంగు మెరుస్తూ మారుతుంది. ఫుల్ ఛార్జ్ అయ్యాక వదిలితే నార్మల్‌లో ఒక్క దెబ్బ, డిఫికల్ట్‌లో రెండు. నిండు ఎనర్జీకి ఫుల్ ఛార్జ్‌లు వచ్చేవి కూడా రెండే. గురి తప్పితే గతి మెటల్ బ్లేడే. వాడి ఒంటిచుట్టూ ఆకులు తిరుగుతున్నప్పుడు కాల్చకండి. ఆకుల్ని మీ మీదికి విసిరేస్తాడు, వాటిమీద నుంచి గెంతి, ఒళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు వదలండి.

క్రాష్ మ్యాన్, ఫ్లాష్ మ్యాన్

క్రాష్ మ్యాన్ స్టేజ్ అంతా నిచ్చెనలూ, పట్టాల మీద కదిలే పలకలూ. ఎక్కేకొద్దీ వెనక ఆకాశం రాత్రిగా మారుతుంది, ఒక్క క్షణం ఆగి చూడండి. బాస్ అటూ ఇటూ పరుగెడుతుంటాడు, మీరు బి నొక్కగానే ఎగురుతాడు. ఎయిర్ షూటర్ గాలి ఎలాగూ పైకే పోతుంది కాబట్టి వాడు ఎగిరినప్పుడే తగులుతుంది.

ఫ్లాష్ మ్యాన్ స్టేజ్‌లో నేల జారుతుంది, అంచుల దగ్గర జాగ్రత్త. బాస్ కాలాన్ని ఆపి కాలుస్తాడు గానీ ఆ గుండ్లు పెద్దగా నొప్పించవు. మెటల్ బ్లేడ్ చాలు. వచ్చేవి టైమ్ స్టాపర్, ఐటెమ్-3. ఆ రెండోది గోడ పట్టుకుని పైకి పాకుతుంది.

క్విక్ మ్యాన్

ఇన్ని మెట్లు ఎక్కింది దీనికోసమే.

ఈ స్టేజ్‌లో గది తర్వాత గది కిందికి పడుతూ పోతాం. పడుతున్నప్పుడు గోడల్లోంచి అడ్డంగా లేజర్‌లు వస్తాయి. తాకితే ప్రాణం ఎంత ఉన్నా లెక్కలేదు, చావే. లేజర్‌లు రెండు విడతలు. మొదటిది చిన్నది, రెండోది పొడుగు. వీటిని ఆపేది టైమ్ స్టాపర్. ఒకసారి మొదలుపెడితే ఎనర్జీ మొత్తం అయ్యేదాకా అది ఆగదు. మధ్యలో ఆపలేం, ఇంకో ఆయుధం తీయలేం, బస్టర్ కూడా పనిచేయదు. అంటే ఒక్క అవకాశం. దాన్ని మొదటి విడతలో ఖర్చు చేశారంటే రెండోదానికి చేతులు ఖాళీ.

మొదటి విడత బట్టీ పట్టండి. నాలుగైదు ప్రాణాలు పోతాయి, పోనివ్వండి. కిటుకు ఒక్కటే, గదిలోకి పడకముందే ఎటు నొక్కాలో బొటనవేలు సిద్ధంగా ఉండాలి. లేజర్‌ని చూసి కదిలితే అప్పటికే ఆలస్యం. పక్క అరల్లో ఊరించే వస్తువులు ఉంటాయి, వాటి వంక చూడకండి.

తర్వాత చీకటి గదులు. ఇవి దాటాక రెండో విడత. గదిలోకి పడగానే, మొదటి లేజర్ గోడలోంచి తల బయటపెట్టేలోపే బి నొక్కండి. అంతా ఆగిపోతుంది. అప్పుడు కూడా తీరిగ్గా నడవకండి, ఎనర్జీ గీతలు దిగుతూనే ఉంటాయి. అంచు, పడటం, అంచు, పడటం. నేను మొదటిసారి కింది గదికి చేరేసరికి అరచేయి తడిసి కంట్రోలర్ జారింది.

టైమ్ స్టాపర్‌ని బాస్ మీద వాడితే వాడి ప్రాణంలో సగం పోతుంది. అందుకే కొందరు దాచుకుంటారు. వద్దు. బాస్‌ని క్రాష్ బాంబర్‌తో కొట్టొచ్చు, లేజర్‌లని దేంతోనూ కొట్టలేం.

పాస్‌వర్డ్, ట్యాంకులు

ఎనిమిది మందీ అయ్యాక పాస్‌వర్డ్ రాసుకోండి. ఐదు నిలువు, ఐదు అడ్డం గళ్ళలో తొమ్మిది చుక్కలు. అందులో ఎ వరుసలోని చుక్క మీ దగ్గరున్న ఇ-ట్యాంకుల సంఖ్య: ఎ1 అంటే సున్నా, ఎ5 అంటే నాలుగు. నాలుగే గరిష్ఠం. ఇ-ట్యాంక్ అంటే ప్రాణం మొత్తం నింపే డబ్బా. నాలుగూ చేతిలో ఉన్నాకే కోటలోకి వెళ్ళండి.

పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునేది బాస్‌లనే, కోటలో ఎంతదూరం వెళ్ళామన్నది కాదు. ఇది తెలియక ఒక వేసవి మధ్యాహ్నం కోటలో నాలుగో స్టేజ్ దాకా వెళ్ళాను. కరెంట్ పోయింది. సాయంత్రం కరెంట్ వచ్చాక మళ్ళీ కోట గుమ్మం దగ్గరే. మన ఊళ్ళలో ఫామికామ్‌కి నకళ్ళుగా వచ్చిన టీవీ గేమ్‌లలో క్యాసెట్ ఊది పెట్టుకుని ఆడినవాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు.

వైలీ కోట

మొదటి స్టేజ్‌లో ఒక చోట నిచ్చెన అందనంత ఎత్తులో ఉంటుంది, ఐటెమ్-1 పలకలు వేసుకుని ఎక్కాలి. ఆ తర్వాత రోబో డ్రాగన్ వెంటపడుతుంది. మూడు చిన్న దిమ్మెల మీద నిలబడి కొట్టాలి. ఇక్కడ చంపేది మంట కాదు, మంట తగిలినప్పుడు వెనక్కి పడే ఆ ఒక్క అడుగు. దెబ్బ తిన్నా కింద ఇంకో దిమ్మె ఉండేలా పై దిమ్మె మీద నిలబడండి.

రెండో స్టేజ్ బాస్ గోడల్లోంచి ఊడి జతకట్టే పలకలు, మూడోదాని బాస్ ట్యాంక్ లాంటి భారీ రోబో, తలమీద కొట్టాలి. రెండూ ఓపిక ఉంటే అయిపోయేవే.

నాలుగో స్టేజ్ దగ్గర ఆగి మాట్లాడుకోవాలి. మొదట, ఇక్కడ కొన్నిచోట్ల నేల ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఉండదు. బబుల్ లెడ్ వదలండి. నేలని అంటుకుని దొర్లుతూ పోయి, ఉత్తుత్తి నేల రాగానే అందులో పడిపోతుంది. ఇక బాస్ గది: గోడలకి అతుక్కుని ఐదు ఫిరంగులు, మధ్యమధ్యలో అడ్డు గోడలు. వీటికి క్రాష్ బాంబర్ తప్ప ఏదీ పనిచేయదు. నిండు ఎనర్జీకి వచ్చేవి ఏడు బాంబులు. ఫిరంగులకి ఐదు పోతే గోడలకి మిగిలేవి రెండే. మిగతాచోట్ల ఐటెమ్-1 మీద లేచి, ఐటెమ్-3 పట్టుకుని పాకి, గోడ దాటి కొట్టాలి. అందుకే దారిలో ఒక్క క్రాష్ బాంబ్ కూడా వాడొద్దు. వాడేశారా, శత్రువులు మళ్ళీమళ్ళీ వచ్చే చోట నిలబడి క్రాష్ బాంబర్ చేతిలో పట్టుకుని ఎనర్జీ ఏరుకోండి.

గదిలోకి వెళ్ళాక మొదటి బాంబు వేసేముందు ఎక్కడ ఏముందో చూడండి. అన్ని ఫిరంగులూ ఒకేసారి మీ మీదికి కాలుస్తాయి, తర్వాత కాస్త విరామం. ఆ విరామంలో ఒక పని మాత్రమే: ఎక్కడం, లేదా బాంబు వేయడం. బాంబు ఎనిమిదోది కావాలనిపించిందంటే ఆట పోయినట్టే. మిగిలిన ప్రాణాలు వదులుకుని, గేమ్ ఓవర్ అయ్యాక కంటిన్యూ నొక్కితే ఆయుధాలు నిండుతాయి, స్టేజ్ మొదటి నుంచి ఆడాలి.

ఐదో స్టేజ్‌లో పాత ఎనిమిది మంది మళ్ళీ. ఇప్పుడు ఎయిర్ మ్యాన్‌కి లీఫ్ షీల్డ్ వాడి పాత బాకీ తీర్చుకోండి. మెటల్ మ్యాన్‌ని వాడి చక్రంతోనే కొట్టండి: నార్మల్‌లో ఒకటి, డిఫికల్ట్‌లో రెండు, పోయాడు. ఇంత పెద్ద జోక్ ఈ ఆటలో ఇంకోటి లేదు. ఆ వెంటనే డాక్టర్ వైలీ మెషీన్, రెండు రూపాలు. దాచిన ఇ-ట్యాంకులు ఇక్కడే తీయండి.

చివరి స్టేజ్‌లో శత్రువులు లేరు, పాటా లేదు. పైనుంచి ఎర్రటి యాసిడ్ బొట్లు రాలుతుంటాయి. ప్రతి బొట్టు పడే తాళం చూసి దాటండి. అడుగున వైలీ గ్రహాంతరవాసిగా మారి గాల్లో ఎనిమిది అంకెలా తిరుగుతాడు. బబుల్ లెడ్ ఒక్కటే తగులుతుంది. వేరేది వేసి చూద్దామనుకోకండి, వాడి ప్రాణం తిరిగి నిండే ప్రమాదం ఉంది. బుడగ విల్లులా వంగి పడుతుంది కాబట్టి కింద నుంచి వదిలితే అందదు. వాడు మీ ఎత్తుకి దిగుతున్నప్పుడు ఎగిరి, ఎదురుగా వదలండి. దూరం నుంచి వేసి వృథా చేసుకోవద్దు, లెక్కగా ఉంటాయి.

పడ్డాక తెలుస్తుంది, అదంతా బొమ్మ వేసి చూపించే యంత్రం. వెనక వైలీ మోకాళ్ళ మీద కూర్చుని దండాలు పెడుతుంటాడు. తర్వాత మన రోబో ఒంటరిగా నడుస్తూ పోతాడు, ఋతువులు మారుతుంటాయి, ఒంటి రంగులూ మారుతుంటాయి. స్టార్ట్ నొక్కకండి. చివర్లో హెల్మెట్ ఒక్కటే నేలమీద ఉంటుంది.